అక్షరాల నడుమ ఎడం

సంచిక చేతికి రాగానే విద్యార్థి మొదట చూసేది ముఖచిత్రాన్ని కాదు, సందేశాలను అంతకన్నా కాదు. తన పేరు ఏ పేజీలో ఉన్నదో వెతుక్కుంటాడు. ఆ పేరు కింద తన రచనను ఒకసారి తాను చదువుకుంటాడు, రెండవసారి స్నేహితునికి చూపుతాడు, మూడవసారి ఇంటికి తీసుకుపోయి తల్లిదండ్రుల ముందు పెడతాడు. కళాశాల వార్షిక సంచికకు ఉన్న అసలు ప్రయోజనం ఈ మూడవ పఠనంలోనే ఉన్నదని మా విశ్వాసం. గ్రంథాలయపు బీరువాలో అది ఎన్నాళ్లు ఉంటుందన్నది తరువాతి మాట.

గత సంచికలో ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకరు బీడీలు చుట్టే తన తల్లిని గురించి కవిత వ్రాశారు. చిన్న చిన్న పాదాలు. చివరి పాదం ఒకే ఒక మాట: "అమ్మ". పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూస్తే 'అ' ఎడమ అంచున ఉన్నది, 'మ' నడుమ ఎక్కడో ఉన్నది, దాని కింద ఉండవలసిన మ-వత్తు కుడి అంచుకు పోయి ఏ అక్షరానికీ చెందకుండా నిలిచి ఉన్నది. ఆ తల్లి మాతృభాష ఉర్దూ. కూతురి బడి పుస్తకాలు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నారు. పాదం వెంట వేలు పెట్టి చదువుతూ వచ్చి, చివరి మాట దగ్గర ఆగి, "ఇదేమిటమ్మా, కింద పడిపోయినట్టున్నది?" అని అడిగారట. ఆ విద్యార్థిని మా వద్దకు వచ్చి ఫిర్యాదు చేయలేదు. "మా అమ్మ ఆ మాట ఒక్కటీ చదవలేకపోయింది సార్" అని మాత్రం అన్నది.

ఆ తప్పు మాది. డి.టి.పి. చేసిన యువకునిది కాదు. సంచికలో ఉర్దూ విభాగం కుడి అట్ట నుంచీ, తెలుగు విభాగం ఎడమ అట్ట నుంచీ మొదలై నడుమ కలుసుకోవడం మనకు అలవాటు. ఒక్కొక్క భాషకు 32 పేజీలు. తెలుగు విషయం 34 పేజీలకు వచ్చింది. ముద్రణకు రెండు రోజుల గడువు ఉన్నది. "ఎట్లాగైనా సర్దండి" అన్నాము. ఆయన సర్దారు. వ్యాసాలలో అక్షరాలను దగ్గరకు నొక్కారు, వెడల్పు తగ్గించారు. కవితలతో సహా అన్ని వరుసలూ రెండు అంచులకూ తాకేటట్లు ఆజ్ఞ ఇచ్చారు. అంతకుముందు ప్రూఫు మేము చూశాము. సర్దిన తరువాత ప్రూఫు మేము అడగలేదు. ఇది పాఠకులకు చెప్పుకోవలసిన విషయమే కాబట్టి దాచకుండా చెబుతున్నాము. అయితే మా పొరపాటును ఒప్పుకోవడంతో సరిపోదు. ఈ అక్షరాల నడుమ ఎడం అనేది ఏమిటి, దానిని ఎవరు ఎంతవరకు మార్చవచ్చు అన్న సంగతి రెండు భాషల వారూ కలిసి ఆలోచించవలసి ఉన్నది.

సీసపు అక్షరాల కాలంలో రెండు అక్షరాల మధ్య ఎడం పెంచాలంటే కంపోజిటరు ఒక పలుచని సీసపు ముక్కను చేతితో చొప్పించవలసి వచ్చేది. పేజీ నిండా ఆ పని చేయాలంటే పూట గడిచిపోయేది. ఆ శ్రమే ఒక అదుపుగా పనిచేసింది. ఇప్పుడు తెర మీద ఒక గడిలో ఒక అంకె మార్చితే 32 పేజీలలోని అక్షరాలన్నీ ఒక్క క్షణంలో జరుగుతాయి. 1985లో పేజ్‌మేకర్, 1999లో ఇన్‌డిజైన్ వచ్చి పుస్తకం కూర్చే పనిని ఎంతో సులభం చేశాయి. ఆ ఉపకారాన్ని మేము తక్కువ చేయడం లేదు. కాని సులభమైన పనిని ఆలోచించకుండా చేయడం కూడా అంతే సులభమైనది.

ఈ సాఫ్ట్‌వేరులలో మూడు వేర్వేరు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది కెర్నింగ్. ఆంగ్లంలో 'ఏ', 'వి' అనే పెద్ద అక్షరాలు పక్కపక్కన పడితే వాటి ఏటవాలు గీతల వల్ల నడుమ ఖాళీ ఎక్కువగా కనబడుతుంది. ఆ రెండింటినీ మాత్రమే కొంచెం దగ్గరకు జరపడం కెర్నింగ్. సీసపు అచ్చులో అక్షరపు కొస తన దిమ్మను దాటి పక్క దిమ్మ మీదికి వాలేది. ఆ వాలిన భాగం పేరే ఈ పనికి వచ్చింది. రెండవది ట్రాకింగ్. ఇది జంటలను చూడదు. ఎంపిక చేసిన భాగమంతటా అన్ని అక్షరాల నడుమా ఒకే కొలతను కలుపుతుంది లేదా తీసివేస్తుంది. ఇన్‌డిజైన్‌లో దాని ప్రమాణం అక్షరపు సైజులో వెయ్యవ వంతు. 12 పాయింట్ల అక్షరానికి 25 ప్రమాణాలు తగ్గిస్తే 0.3 పాయింటు తగ్గుతుంది. వినడానికి స్వల్పమే, కాని పేజీ అంతటా కంటికి తెలుస్తుంది. మూడవది జస్టిఫికేషన్, అంటే వరుసను రెండు అంచులకూ సరిపెట్టడం. ఇందుకు పదాల నడుమ ఎడాన్ని, అక్షరాల నడుమ ఎడాన్ని, అక్షరపు వెడల్పును ఎంతవరకు సాగదీయవచ్చునో చెప్పే హద్దులు ఉంటాయి. ఇన్‌డిజైన్ తయారై వచ్చినప్పుడు పదాల ఎడం నూటికి 80 నుంచి 133 వరకు మారవచ్చునని ఉంటుంది. అక్షరాల ఎడం వద్ద సున్న, అక్షరపు వెడల్పు వద్ద 100 ఉంటాయి. రోమన్ లిపికి సైతం దాని నిర్మాతలు మొదట ఇచ్చిన సలహా అదే: పదాల నడుమ సర్దుకోండి, అక్షరాలను ముట్టుకోకండి. మన వద్ద ఆ హద్దులను మార్చినది మనమే.

రోమన్ లిపిలో ప్రతి అక్షరమూ దేని కాళ్ల మీద అది నిలబడుతుంది. నడుమ ఎడం పెరిగితే మాట వికారంగా కనబడవచ్చు గాని విరిగిపోదు. తెలుగు సంగతి అట్లా కాదు. మనకు అక్షరమంటే హల్లు, దాని తలకట్టు లేదా గుడి కొమ్ములు, దాని కింద వత్తులు అన్నీ కలిసిన ఒక కుటుంబం. 'స్త్రీ' అన్నది చదువరికి ఒకే అక్షరం. కంప్యూటరు లోపల యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు. 'రాష్ట్రం' మనకు రెండు అక్షరాలు, యంత్రానికి ఎనిమిది సంకేతాలు. యూనికోడ్ ఏర్పడక ముందు తయారై నేటికీ అనేక ముద్రణాలయాలలో వాడుకలో ఉన్న పాత పద్ధతి ఫాంటులలో పరిస్థితి మరింత కష్టం. వాటిలో వత్తు ఒక అక్షరం, గుడి ఒక అక్షరం, కొమ్ము ఒక అక్షరం. ఆ ఫాంటు వాడినప్పుడు సాఫ్ట్‌వేరుకు తాను తెలుగు కూరుస్తున్నానన్న తెలివిడే ఉండదు. పక్కపక్కన ఉన్న కొన్ని బొమ్మల నడుమ ఎడం పెంచమన్నారని మాత్రమే అది అనుకుంటుంది. తల్లిని బిడ్డ నుంచి విడదీసినట్లు 'మ'ను దాని వత్తు నుంచి విడదీసింది అందుకే. యంత్రం చెప్పినట్లు చేసింది. చెప్పిన వారికి తెలియలేదు.

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటి తొలి రూపం నుంచే స్థానం ఉన్నది. కాని పేజ్‌మేకర్‌కు ఆ తెలుగు ఎన్నడూ రాలేదు. 2001లో వెలువడిన 7వ రూపంతో దాని కథ ముగిసింది. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులను సక్రమంగా కూర్చే ఏర్పాటు 2012 నాటి సి.ఎస్.6 రూపంతో వచ్చింది. అది వచ్చి ఇన్నేళ్లయినా మన సంచిక పాత ఫాంటులలోనే కూర్చబడుతున్నదంటే కారణం డబ్బు కాదు, అలవాటు. యూనికోడ్ ఫాంటులు ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో వత్తు ఊడిపోయే ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. అయినా ప్రూఫు చూడనక్కరలేదని కాదు.

వత్తు ఊడకపోయినంత మాత్రాన తెలుగులో ఎడం పెంచడం క్షేమమని అనుకోరాదు. మన మాటలు పొడవైనవి. సంధులతో, సమాసాలతో, విభక్తులతో ఒక్కొక్క మాట అర వరుసను ఆక్రమిస్తుంది. ఎక్కడ ఒక మాట ముగిసి మరొకటి మొదలైనదో చెప్పే గుర్తు ఆ నడుమనున్న ఖాళీ ఒక్కటే. అక్షరాల నడుమ కూడా ఖాళీ పెరిగితే ఆ గుర్తు చెరిగిపోతుంది. చదువు వచ్చినవారు ఊహించుకుని ముందుకు పోతారు. కొత్తగా నేర్చుకున్నవారు ఆగిపోతారు. తగ్గించినా చిక్కే. ఒక అక్షరం కింది వత్తు పక్క అక్షరపు వత్తును ఒరుసుకుంటుంది. వెడల్పు నొక్కితే 'ధ'కూ 'థ'కూ భేదం చెప్పే చిన్న చుక్క నల్లటి మచ్చలో కలిసిపోతుంది. 'అర్థం' కాస్తా 'అర్ధం' అవుతుంది. వరుసల నడుమ ఎడం తగ్గిస్తే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడుల మీద కూర్చుంటాయి. గత సంచికలోని వ్యాసాలను ఇప్పుడు తీసి చూడండి. మేము చెబుతున్న ప్రతి దోషానికీ అందులో ఉదాహరణ దొరుకుతుంది.

ఇక ఉర్దూ విభాగం వైపు చూద్దాము. ఉర్దూ వ్రాసే నస్తాలిక్ లిపిలో అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని మెట్లు దిగినట్లు కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతాయి. అందులో దూరాలను అంకెలతో గాక కలపు మొన వేసే చుక్కతో కొలుస్తారు. అక్షరం ఎన్ని చుక్కల పొడవు, ఎన్ని చుక్కల లోతు అన్నది ఖుష్‌నవీసులు గురుముఖంగా నేర్చుకునే విద్య. వరుస నిండకపోతే కాతిబు అక్షరాల నడుమ ఖాళీ పెంచడు. తగిన చోట, తగిన అక్షరంలో మాత్రమే గీతను సాగదీస్తాడు. దానిని కశీదా అంటారు. వరుస ఎక్కువైతే చివరి మాటను పైకెత్తి మరొక మాట మీద ఒద్దికగా కూర్చోబెడతాడు. చెన్నపట్టణంలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' దినపత్రిక దశాబ్దాల పాటు కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినదంటే ఈ విద్య ఎంతటి వేగాన్ని, క్రమశిక్షణను సాధించినదో ఊహించవచ్చు.

ఈ లిపి సీసపు అచ్చుకు సులభంగా లొంగలేదు. అందుచేతనే ఉర్దూ పత్రికలు చాలాకాలం రాతి అచ్చును, కాతిబునే నమ్ముకున్నాయి. 1981లో కరాచీకి చెందిన అహ్మద్ మీర్జా జమీల్ వేలకొలది అక్షర సంయోగాలను తన చేతితో వ్రాయగా, మోనోటైప్ సంస్థ వాటిని యంత్రానికి ఎక్కించి నూరీ నస్తాలిక్‌ను సిద్ధం చేసింది. ఆ సంవత్సరమే 'జంగ్' పత్రిక దానిని వాడుకలోకి తెచ్చింది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు ఆ సౌకర్యాన్ని చిన్న ముద్రణాలయాల దాకా తెచ్చింది. ఈ పరిశ్రమ అంతా దేనికి? అక్షరాల నడుమ ఉన్న సంబంధాన్ని చెడగొట్టకుండా యంత్రం చేత వ్రాయించడానికే. అటువంటి లిపికి ట్రాకింగ్ పెంచి, పట్టుకున్న చేతులను విడదీస్తే ఇక చేసినదంతా వృథా.

ఒక్క ఉదాహరణ చాలు. 'ఉర్దూ' అన్న మాటను ఆ లిపిలో అలిఫ్, రే, దాల్, వావ్ అనే నాలుగు అక్షరాలతో వ్రాస్తారు. తరువాతి అక్షరాన్ని పట్టుకోని అక్షరాలు ఆ లిపిలో కొన్నే ఉన్నాయి. ఈ నాలుగూ వాటిలోనివే. అంటే ఈ మాటను ఒక్కటిగా నిలిపి ఉంచేది వాటి దగ్గరితనం తప్ప మరేమీ కాదు. ఎడం కొంచెం పెరిగితే చాలు, ఒక భాష పేరు నాలుగు ముక్కలై కనబడుతుంది. మన సంచికలో ఉర్దూ విభాగపు శీర్షికను అందం కోసం సాగదీసి వేసిన సంవత్సరాలు ఉన్నాయి. అది అందమని మేమందరమూ ఒప్పుకున్నామని గుర్తు చేసుకుంటే సిగ్గు కలుగుతున్నది.

ఇంతవరకు చదివిన కమిటీ పెద్దలు కొందరు ఒక ప్రశ్న వేయవచ్చు. ఇప్పటికే వేశారు కూడా. "చదివేవాడు భావం చూస్తాడు గాని ఎడం చూస్తాడా?" అని. ఎడం సరిగ్గా ఉంటే చూడడు, నిజమే. అది సరిగ్గా లేనప్పుడే కనబడుతుంది. అన్నంలో రాయి లేనప్పుడు ఎవరూ బియ్యం ఏరినవారిని తలచుకోరు.

రెండవ ప్రశ్న ఖర్చు. ఇది న్యాయమైన ప్రశ్న. మన సంచిక పరిమాణంలో ఒక ఫారానికి 8 పేజీలు. రెండు పేజీలు ఎక్కువైతే రెండు పేజీల ధర మాత్రమే పెరగదు, మరో ఫారం వేయవలసి వస్తుంది. కళాశాల నిధులు విద్యార్థుల ఫీజుల నుంచీ, దాతల ఔదార్యం నుంచీ వచ్చినవి. వాటిని వృథా చేయమని మేము అడగడం లేదు. కాని లెక్క మరొక విధంగా వేసి చూడండి. 34 పేజీల విషయాన్ని 32లో ఇమడ్చడమంటే నూటికి సుమారు 6 వంతులు తగ్గించడం. పేజీకి 300 మాటలు అనుకుంటే రెండు పేజీలకు 600 మాటలు. 20 రచనల మీద పంచితే ఒక్కొక్క రచనకు 30 మాటలు, అంటే రెండు మూడు వాక్యాలు. ఏ విద్యార్థి వ్యాసంలో రెండు వాక్యాలు తగ్గించలేనివి? రచయితను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు వాక్యాలను ఏరి తీసివేయడం సంపాదకుల పని. మేము ఆ పని చేయక, 20 రచనలలోని అక్షరాలన్నింటినీ నొక్కించాము. సంపాదకులు చేయవలసిన పనిని యంత్రం చేత చేయించడమే ఇందులోని అసలు దోషం.

ఇందులో మరొక సున్నితమైన సంగతి ఉన్నది. రెండు విభాగాలూ నడుమ పేజీ దగ్గర కలుస్తాయి కాబట్టి ఒకరు జరిగితే మరొకరు ముడుచుకోవాలి. ఒక సంవత్సరం ఉర్దూ వారు, మరొక సంవత్సరం తెలుగు వారు నొచ్చుకోవడం మామూలైపోయింది. పేజీల పంపకం ముందుగా తేల్చుకుని, రచనల నిడివిని ముందుగా ప్రకటిస్తే ఈ మనస్పర్థకు తావుండదు. ఒకే అట్టల నడుమ ఉన్న రెండు భాషలలో ఒకదానిని విశాలంగా, మరొకదానిని ఇరుకుగా కూర్చితే విద్యార్థికి మనం ఏ మాటా అనకుండానే ఏదో నేర్పినవారమవుతాము.

కనుక ఈ సంచిక నుంచి కొన్ని కట్టుబాట్లు చేసుకుందామని కమిటీ వారికి సవినయంగా మనవి చేస్తున్నాము. వ్యాసానికి, కథకు, కవితకు నిడివి ఎంతో రచనలు ఆహ్వానించే ప్రకటనలోనే చెప్పాలి. తెలుగు విభాగాన్ని యూనికోడ్ ఫాంటులోనే కూర్చాలి. అక్షరాల ఎడం సున్న వద్ద, వెడల్పు 100 వద్ద ఉండాలి. సర్దుబాటు ఏదైనా పదాల నడుమనే, హద్దులోపలనే జరగాలి. వరుస చివర పెద్ద మాట పట్టకపోతే అక్షరం ముగిసిన చోట విరిచి కింది వరుసలో కొనసాగించవచ్చు. మన తాళపత్రాలలో పదాల నడుమ ఖాళీయే లేకుండా వ్రాసిన పూర్వులు అక్షరాన్ని మాత్రం నడిమికి విరవలేదు. కవితను ఎన్నడూ కుడి అంచుకు లాగరాదు. కవి ఆపిన చోటే పాదం ఆగాలి. ఉర్దూ పేజీలలో ట్రాకింగ్‌ను అసలు ముట్టుకోరాదు. ఎక్కడైనా ఖాళీ మిగిలితే ఒక విద్యార్థి గీసిన చిత్రాన్ని వేయాలి, లేదా ఖాళీగానే వదలాలి. తెల్ల కాగితం అవమానం కాదు. చివరి సర్దుబాటు తరువాత వచ్చే ప్రూఫును రచయిత తన కంటితో చూసి సంతకం చేసిన పిమ్మటనే పేజీ ముద్రణకు పోవాలి.

విద్యార్థులకు కూడా ఒక మాట. ఈ సాఫ్ట్‌వేరు నేర్చుకోవడం జీవనోపాధికి పనికివచ్చే విద్య. కళాశాలలోని కంప్యూటర్ల మీద ఈ సంచికను మీరే కూర్చగల రోజు రావాలని మా కోరిక. అయితే రెండు లిపులూ తెలిసినవారు ఈ పనికి ఎక్కువగా కావాలి. ఆంగ్ల లిపికి తయారైన యంత్రానికి మన లిపి మర్యాద ఏమిటో చెప్పవలసినది మన లిపి తెలిసినవారే. ఉర్దూ విద్యార్థి తెలుగు వత్తు విలువను, తెలుగు విద్యార్థి నస్తాలిక్ వాలును తెలుసుకుంటే, ఒకరి ప్రూఫును ఒకరు చూడగలిగితే, ఈ కళాశాలలో రెండు భాషలు పక్కపక్కన ఉన్నందుకు సార్థకత కలుగుతుంది.

ఆ విద్యార్థిని కవితను ఈ సంచికలో మళ్లీ వేస్తున్నాము. పాదాలు ఆమె ఆపిన చోటే ఆగుతాయి. చివరి మాట ఎడమ అంచునే, వత్తు దాని అక్షరం కిందనే ఉంటుంది. కుడి వైపు వరుస అంతా ఖాళీగా ఉంటుంది. ప్రూఫు ఆమె చేతికి ఇచ్చాము. ఇంటికి తీసుకుపోయి మరునాడు తెచ్చి ఇచ్చింది. సంతకం చేయవలసిన చోట ఆమె సంతకం పక్కన, కూడబలుక్కుని వ్రాసినట్టు, తెలుగులో మరొక పేరు కూడా ఉన్నది.